హార్డ్‌స్టాప్ గారు

"గాయ్స్, నాకు ఏడింటికి హార్డ్‌స్టాప్ ఉంది" అని మీటింగు మొదట్లోనే ఒకాయన ప్రకటించాడంటే, ఎనిమిది దాకా ఎవరూ కుర్చీలోంచి లేవబోరని రాసిపెట్టుకోవచ్చు. గచ్చిబౌలి నుంచి మాదాపూర్ దాకా ఉన్న అద్దాల మేడల్లో ఈయన అంతస్తుకొకడు చొప్పున దొరుకుతాడు. వయసు నలభైకి అటూ ఇటూ. మెడలో ఐడీ కార్డు, చెవిలో తెల్ల బడ్డు, చేతిలో ఎప్పుడో చల్లారిపోయిన కాఫీ. హోదా డెలివరీ మేనేజరు. చేసే పని ముగించడం. అంటే, ముగిస్తున్నానని చెప్పడం.

అందుకు కావలసిన ఇంగ్లీషు సరంజామా ఆయన దగ్గర పుష్కలంగా ఉంది. జవాబు తెలియని ప్రశ్న ఎదురైతే "దీన్ని పార్క్ చేద్దాం" అంటాడు. మరీ ఇరుకున పెట్టే ప్రశ్నయితే "ఆఫ్‌లైన్ తీసుకుందాం" అంటాడు. అమీర్‌పేటలో స్కూటరు పెట్టుకోవడానికి జానెడు చోటు దొరకదు గాని, ఈయన దగ్గర మాత్రం ఎన్ని ప్రశ్నలనైనా పార్క్ చేసుకోవచ్చు. తిరిగి బయటికి తీసినవాళ్ళు ఇంతవరకూ లేరు. "వ్రాప్ అప్ చేద్దాం" అన్నాడంటే సగం దూరం వచ్చామన్నమాట. "క్విక్‌గా ఒక్క లాస్ట్ పాయింట్" అంటే అసలు కథ ఇప్పుడే మొదలవుతోందని. "లాస్ట్ బట్ నాట్ లీస్ట్" దాకా వచ్చాడో, అనుభవం ఉన్నవాళ్ళు మెల్లగా ఇంటికి మెసేజ్ పెట్టేస్తారు, నాకోసం చూడకుండా తినేయమని.

ఆపే మాటల్ని ఇంగ్లీషులో వాడటం ఈయనతో మొదలైందేమీ కాదు. ఆర్టీసీ కండక్టరు "హోల్డాన్" అని ఒక్క కేక వేస్తే, కిక్కిరిసిన బస్సు నిలువునా ఆగేది. సినిమా షూటింగులో "ప్యాకప్" అన్నారంటే, అంతదాకా జ్వరంతో మూలిగిన లైట్‌మ్యాన్ కూడా చెంగున దూకి వైర్లు చుట్టేస్తాడు. ఆ మాటలకి అంత బలం ఎక్కడిదంటే, అన్నవాళ్ళకి నిజంగా ఆపాలని ఉంది, ఆపే అధికారమూ ఉంది. మనవాడికి ఈ రెండిట్లో ఒకటి తక్కువ. ఏది తక్కువో రోజును బట్టి మారుతుంది.

పాపం, తప్పంతా ఆయనది కాదు. హార్డ్‌స్టాప్ అనే మాట ఆయనకి అంటింది న్యూయార్క్ క్లయింటు నుంచి. అవతలి పెద్దమనిషి "ఐ హావ్ ఎ హార్డ్‌స్టాప్" అంటాడు, గడియారం ముల్లు అక్కడికి చేరేసరికి తెర మీద ఆయన చదరం నల్లబడిపోతుంది. వాక్యం మధ్యలో ఉన్నా సరే. ఆ దృశ్యం చూసి మనవాడు ముగ్ధుడైపోయాడు. మాటనైతే తెచ్చుకున్నాడు గాని, ఆ మాయమయ్యే విద్య పట్టుబడలేదు. ఎలా పడుతుంది? వేసవిలో మన రాత్రి ఏడంటే న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిదిన్నర. ఈయన ఆగుతానన్న వేళకి వాళ్ళు కాఫీ తెచ్చుకుని కూర్చుంటారు.

కంప్యూటర్ల దగ్గర మాత్రం ఈయన ఇంకో మనిషి. ఓ సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, కమ్మీ పట్టుకుని ఫోన్లో కుర్రాడికి పాఠం చెబుతున్నాడు. "పేరెంట్ జోలికి పోకు. ముందు చైల్డ్‌ని కిల్ చెయ్యి... చావట్లేదా? మైనస్ నైన్ పెట్టి చంపు... ఓరి నీ! పేరెంట్‌ని లేపేశావా? పిల్లలన్నీ ఆర్ఫన్లయిపోయాయి కదరా!" ఎదుటి సీట్లో పెద్దావిడ పక్కనున్న మనవణ్ణి లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. లినక్స్ సంగతి ఆవిడకెవరు చెప్పాలి! అందులో నడిచే ప్రోగ్రాముల్ని ఆపే ఆజ్ఞ పేరే కిల్. ఉత్త కిల్ అంటే పదిహేనో నంబరు సంకేతం వెళ్తుంది. చేతిలో పని సర్దుకుని దయచెయ్యమని అర్థం. మొండి ప్రోగ్రాములు దాన్ని లెక్కచెయ్యకపోవచ్చు. తొమ్మిదో నంబరుకి మాత్రం అప్పీలు లేదు.

యంత్రాలతో ఇంత పచ్చిగా మాట్లాడే నోరు, మనుషుల దగ్గరికి వచ్చేసరికి పట్టుబట్ట కట్టుకుంటుంది. టీములోంచి తీసేస్తే "రోల్ ఆఫ్". పని ఇవ్వకుండా కూర్చోబెడితే "బెంచ్". కంపెనీ మూకుమ్మడిగా జనాన్ని ఇంటికి పంపితే "రైట్‌సైజింగ్", అంటే నిన్నటిదాకా సైజు తప్పన్నమాట. ఒక్కణ్ణే పంపితే "లెట్ గో". ఆ కుర్రాడేదో పలుపు తెంపుకుని పారిపోవాలని గింజుకుంటుంటే, పోనీలే పాపమని వదిలిపెట్టినట్టు! అన్నిటికంటే నాకు ఒళ్ళుమండేది "సన్‌సెట్". పాత ప్రోడక్టునో, దాంతోపాటు ఓ పాతిక మంది ఉద్యోగాలనో మూసేసి "సన్‌సెట్ చేస్తున్నాం" అంటారు. సూర్యుణ్ణి ఎవరూ దింపరు కదా, ఆయనే దిగుతాడు. అడగడానికి మనిషి మిగలకుండా భలే మాట కనిపెట్టారు.

చాటుమాటుగా చెప్పడం మనకీ తెలుసు. ఈయన నాయనమ్మ డబ్బాలో బియ్యం అయిపోయాయని చచ్చినా అనేది కాదు, "నిండుకున్నాయి" అనేది. దీపం ఆరితే "కొండెక్కింది" అనేది. అయితే ఆవిడ నోట "నిండుకున్నాయి" అని వినబడగానే తాతగారు చొక్కా తగిలించుకుని, సంచీ పట్టుకుని కొట్టుకి బయల్దేరేవాడు. మాట మెత్తన, పని ఖచ్చితం. మనవడి సన్‌సెట్ మాట విని సంచీ పట్టుకునేవాడు ఆ అంతస్తులో ఒక్కడూ లేడు.

రుజువు కావాలంటే ఆయన నెత్తిన ఉన్న ప్రాజెక్టు చూడండి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోని ముసలి అప్లికేషన్ ఒకటుంది, దాన్ని సన్‌సెట్ చెయ్యాలి. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్ 11కి రిటైర్మెంటు ఇచ్చేసింది. ఇక తప్పదు, మనదీ మూతపడుతుందని టీమంతా సంబరపడింది. తీరా చూస్తే అదే మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజరులో "ఐఈ మోడ్" అని ఒకటి పెట్టింది. చచ్చినది అందులో దూరి బతుకుతుంది. కనీసం 2029 దాకా చూసుకుంటామని మాట కూడా ఇచ్చింది. అది చదివినప్పుడు హార్డ్‌స్టాప్ గారి మొహం వెలిగిపోయింది. అంతటి కంపెనీకే ముగించడం చేతకానప్పుడు తననెవరు తప్పుపడతారు? సన్‌సెట్ మీటింగుకి వారంవారం ఇప్పటికీ ఇన్వైట్ వస్తూనే ఉంటుంది. దానికి ఎండ్ డేట్ పెట్టలేదు.

ఆమధ్య ఆ మీటింగు నడుస్తుండగానే తెనాలి నుంచి వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు. ఏడు దాటి పది నిమిషాలైంది. క్లయింటు లైన్లోనే ఉన్నాడు. మ్యూట్ నొక్కడం మన మేనేజరు మరిచిపోయాడు.

"అమ్మా, మీటింగులో ఉన్నానే. హార్డ్‌స్టాప్ ఉంది."

"అలాగే నాన్నా, ఉంటాను మరి" అన్నారావిడ. ఫోన్ పెట్టేసేముందు మనవాళ్ళందరూ అనే మాటే. కాకపోతే ఆవిడ అన్నమాట మీద నిలబడే మనిషి. ఉండిపోయారు. "అన్నట్టు, మీ పెద్దత్తయ్యకి మోకాలు ఆపరేషన్ అయింది, ఓసారి పలకరించు. గ్యాస్ బండ ఇంకా రాలేదు. మామిడికాయలు ఎన్ని పంపమంటావు? పోయినసారి ఆవకాయ బూజు పట్టించారు మీరు..."

న్యూయార్క్ పెద్దమనిషి ఆవకాయ దాకా ఓపిక పట్టాడు. తర్వాత గొంతు సవరించుకుని "ఐ హావ్ ఎ హార్డ్‌స్టాప్" అన్నాడు. చదరం నల్లబడింది.

గదిలో అందరం గుడ్లప్పగించి చూస్తున్నాం. స్పీకర్లోంచి ఆవిడే అందుకున్నారు.

"ఎవర్రా ఆ అబ్బాయి, అలా చెప్పాపెట్టకుండా పోయాడు? వెళ్ళొస్తాననైనా అనలేదు!"