కూలరు రాకయుండ: ఒక గిటారు పద్యానికి టీకా తాత్పర్యం

మూలము

తే. ఇనుప తీగకు మరిగిన యీ కరాన
మెడ వెడల్పును వ్రేళ్లతో మెల్లఁ గొలిచి
పైన నొంటి చెక్కయొ లేక ప్లైవుడో య
రసి కొనుము తమ్మి! కూలరు రాకయుండ.

అవతారిక

స్టీలు తీగల గిటారు మీద కొన్నేళ్లు సినిమా పాటల కార్డ్స్ కొట్టి, వేళ్ల కొసలు కాయలు కాసిన కరీంనగర్ పిలగాడొకడు క్లాసికల్ గిటారు మీద మనసుపడి, "ఏది కొనాల్నే అన్నా?" అని అడిగితే, ఆ అన్న చెప్పిన జవాబు ఈ తేటగీతి. మూలకర్త, వ్యాఖ్యాత ఒక్కరే గనుక కవి హృదయం గురించి పేచీ లేదు.

ప్రతిపదార్థము

తమ్మి = ఓ తమ్ముడా! ఇనుప తీగకున్ = ఉక్కు తీగలకు; మరిగిన = రుచి తగిలి వదలలేకపోతున్న; ఈ కరానన్ = ఈ చేతితో, అనగా ఎడమచేతితో; మెడ వెడల్పును = నట్ దగ్గర మెడ అడ్డంగా ఎంత ఉన్నదో దానిని; వ్రేళ్లతోన్ = టేపుతో గాక వేళ్లతోనే; మెల్లన్ = అంగడాయన షట్టరు దించబోతున్నా తొందరపడక; కొలిచి; పైనన్ = తీగల కింది పలక యందు; ఒంటి చెక్కయొ = ఒకే మందాన కోసిన కలపయో; లేక ప్లైవుడో = పొరలు అతికించినదో; అరసి = పరీక్షించి; కూలరు = ఎండకాలపు నీళ్ల కూలరు గాలి; రాకయుండన్ = తగలకుండునట్లు ('దాచుకొమ్ము' అని శేషము); కొనుము.

తాత్పర్యము

తమ్మీ, నీ చేయి సన్న మెడకు, ఇనుప తీగకు అలవాటుపడింది. కొత్త గిటారు మెడ ఆ చేతికి పడుతుందో లేదో పట్టుకుని చూడు. పైచెక్క ఎటువంటిదో తెలుసుకుని, దానికి తగ్గ చోటు ఇంట్లో ఉంటేనే కొను.

విశేషములు

'ఇనుప తీగకు మరిగిన': శంక. పద్యంలో క్లాసికల్ అన్న మాటే లేదు. ఇది క్లాసికల్ గిటారు గురించని ఎట్లా తెలిసింది? సమాధానం: అర్థాపత్తి వల్ల. పగలు తినని దేవదత్తుడు లావుగా ఉంటే రాత్రి తింటున్నాడని మీమాంసకులు తేల్చినట్టు, ఇనుప తీగ చేతిలో ఉండగానే మళ్లీ కొలతలు మొదలుపెట్టినవాడు ఇనుము లేనిదేదో కొంటున్నాడని తేలుతుంది. అది నైలాను తీగల గిటారే.

నైలాను కూడా అనాదిగా ఉన్నది కాదు. అంతకుముందువి పేగు తీగలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పేగు దారం గాయాల కుట్లకు వెళ్లిపోయి వాద్యగాళ్లకు కరువైంది. న్యూయార్కులో ఆల్బర్ట్ అగస్టీన్ అనే పనివాడు డ్యూపాంట్ కంపెనీ నైలానుతో తీగలు చేస్తే, స్పెయిన్ విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా (1893–1987) వాటిని మెచ్చి వాయించాడు. 1940ల చివరికి అవి అంగట్లోకి వచ్చాయి. లావు తీగలు మూడింటికి నైలాను పోగుల మీద వెండి పూసిన రాగి తీగ చుడతారు. వెండి తీగతో పూలూ నెమళ్లూ అల్లే కరీంనగర్‌లో ఆ చుట్టుడు గురించి ఎవరికీ పాఠం చెప్పనక్కరలేదు. చెమట చేతులు తగిలితే అది నల్లబడుతుందనీ ఇక్కడ అందరికీ ఎరుకే.

శంక: "పాత స్టీలు తీగలే దీనికెక్కిస్తే ఏమైతదే?" సమాధానం: గుర్రం (తీగలు కట్టే బ్రిడ్జి) ఊడొస్తది. నైలాను తీగలు ఆరూ కలిసి లాగేది దాదాపు 40 కిలోలు. మామూలు స్టీలు తీగల సెట్టు లాగేది 70 కిలోల పైన. స్టీలు గిటారు మెడలో ఆ లాగుడుకు ఎదురునిలిచే ఇనుప కడ్డీ ఉంటుంది. క్లాసికల్ గిటారు మెడలో సాధారణంగా ఉండదు. దాని పైచెక్క పల్చన, లోపలి బద్దలు తేలిక. కాబట్టి ఈ ప్రయోగం నిషిద్ధం. దీనికి ప్రాయశ్చిత్తం కూడా లేదు, కొత్త గిటారు కొనడమే.

'మెడ వెడల్పును': స్టీలు గిటారు మెడ నట్ దగ్గర సుమారు 43 మిల్లీమీటర్లు, క్లాసికల్‌ది 52. తేడా 9 మిల్లీమీటర్లే అనిపిస్తుంది, బార్ కార్డ్ పట్టినప్పుడు మణికట్టు నిజం చెబుతుంది. పైగా స్టీలు గిటారు మెట్ల పలక కాస్త గుండ్రంగా ఉంటుంది, దీనిది చదును. బొటనవేలు మెడ మీదుగా పైకి తెచ్చి లావు తీగ నొక్కే అలవాటు ఇక్కడ సాగదు. బొటనవేలు మెడ వెనకే ఉండాలి. దేహం అక్కడ 14వ మెట్టు దగ్గర మొదలైతే ఇక్కడ 12వ మెట్టు దగ్గరే మొదలవుతుంది. తీగలు కూడా కొంచెం ఎత్తున ఉంటాయి: 12వ మెట్టు మీద సన్న తీగ వైపు 3, లావు తీగ వైపు 4 మిల్లీమీటర్లు. నైలాను ఎక్కువ ఊగుతుంది గనుక ఆ జాగా కావాలి. ఇది తెలియక "తీగలు ఎత్తున్నయి, పీసు ఖరాబైంది" అని వాపసు ఇచ్చేవారు అమాయకులు.

పూర్వపక్షం: మధ్యేమార్గంగా 48 మిల్లీమీటర్ల మెడ, 14 మెట్లు బయటికి ఉండే నైలాను గిటార్లూ ఉన్నాయి కదా, యమహా ఎన్‌టీఎక్స్ లాంటివి? సిద్ధాంతం: స్టేజీ మీద నైలాను నాదం కావాలి, చేయి మాత్రం మారకూడదు అనుకునేవాడికి అవి మేలు. పాఠం నేర్చి పరీక్ష రాయదలచినవాడికి 52 తప్పదు. ఒక్కొక్క వేలు ఒక్కొక్క తీగను మీటే వాద్యంలో ఆ ఎడమే కుడిచేతికి జాగా. ఆ ఎడానికి చేయి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. తీగ పొడవు మాత్రం 650 మిల్లీమీటర్లు చూసుకోవాలి. స్పెయిన్‌లో అల్మెరియా ఊరి అంటోనియో డి టోరెస్ (1817–1892) స్థిరపరచిన నమూనా కొలత అది. ఆన్‌లైన్‌లో యమహా వారి పెద్దవాళ్ల సీ40 పక్కనే పిల్లల సీఎస్40 కనబడుతుంది. దాని తీగ పొడవు 580. ఒక్క అక్షరం చదవకపోతే పార్శిల్‌లో పిల్లల గిటారు దిగుతుంది.

'వ్రేళ్లతో': టేపు కొలత చెప్పేది అంకె, చేతికి పడిందో లేదో చెప్పేది వేళ్లే. అందుకే పట్టుకుని చూసి కొనమని కవి హెచ్చరిక. కరీంనగర్ వాసి బస్సెక్కి హైదరాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగితే సరిపోతుంది. ఆదిలాబాద్ వాసికి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు, నాగపూర్ 200 దరిదాపు. అతనికి ఉత్తర దిక్కే దగ్గర. ఎటు పోయినా తిరుగు ప్రయాణంలో గిటారును బస్సు డిక్కీలో వేయరాదు. ఇక్కడ 'వ్రేళ్లు' అంటే కుడిచేతి గోళ్లు కూడా అని కొందరు. అదీ యుక్తమే: ఈ వాద్యానికి పిక్ వాడరు, గోళ్లు పెంచి నునుపు చేసుకోవాలి. ఇంట్లో నాయనమ్మ ఏమన్నా ఊకోవాలి.

'పైన నొంటి చెక్కయొ లేక ప్లైవుడో': ముందుగా యతి. 'పై'కి 'ప్లై' కుదిరింది, లాక్షణికులు శాంతించవచ్చు. పరీక్ష ఇట్లా: నడుమ గుండ్రని రంధ్రం అంచు చూడాలి. పైన కనిపించే కలప గీతలే అంచు మందంలోనూ నేరుగా దిగితే ఒంటి చెక్క. అంచులో పొరలు కనబడితే ప్లైవుడ్. ఒంటి చెక్క ఎక్కువగా స్ప్రూస్, లేదా సెడార్. ఈ రెండు చెట్లూ మన అడవులవి కావు.

శంక: "మన ఆదిలాబాద్ టేకు ఉండంగ పరాయి కట్టె ఎందుకు?" అని మేనమామ. సమాధానం: టేకు తలుపుకు, మంచానికి దివ్యం. గిటారు పైచెక్క అట్లా బరువుగా ఉండొద్దు; తీగ కదిలితే తానూ కదలాలి. తేలికైన కట్టె మహిమ నిర్మల్ బొమ్మలవారికి తెలుసు, అందుకే వారు పొణికి కర్ర ఎంచుకున్నారు. మేనమామ మనసు కష్టపెట్టుకోనక్కరలేదు. గిటారు వెనక పలకకు, పక్కలకు ప్రపంచమంతా మన్నించే కలపల్లో మన దేశపు జిట్రేగి ఒకటి. బ్రెజిల్ జాతి జిట్రేగి అంతర్జాతీయ వ్యాపారాన్ని 1992లో కట్టడి చేశాక దీని గిరాకీ మరింత పెరిగింది.

'కూలరు రాకయుండ': పద్యానికి ప్రాణం ఈ పాదం. గిటారుకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే క్షేమమని చేసేవారి మాట. ఎండకాలం జగిత్యాల, రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిబారుతుంది. చలికాలం ఆదిలాబాద్ మండలాల్లో కనిష్ఠం 5 డిగ్రీల దరికి దిగుతుంది. మధ్యలో వానలు. వీటన్నిటి మీద నీళ్ల కూలరు. పగలంతా పొడిగాలికి ముడుచుకున్న చెక్క, రాత్రి కూలరు తడిగాలికి ఉబ్బుతుంది. కలప ఉబ్బేదీ ముడిచేదీ ముఖ్యంగా పోగుకు అడ్డంగా. అందుకే పగులు పోగు వెంట నిలువునా వస్తుంది, గుర్రం కింద జిగురూ వదులుతుంది. ప్లైవుడ్‌లో ఒక పొర పోగు ఒకవైపు, రెండో పొర పోగు అడ్డంగా ఉండి ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. అది అంత తొందరగా పగలదు.

ఇక్కడ ఉత్తరాది వ్యాఖ్యాతలకు, దక్షిణాది వ్యాఖ్యాతలకు, అంగడివారికి ముగ్గురికీ ఒకే మాట: ఒంటి చెక్కే కొనాలి, నాదం బాగుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ తెరుచుకుంటుంది. నిజమే. అయితే ఆ ఏళ్లు గడవాలి కదా! ఏసీ గది గాని, గిటారు పెట్టెలో పెట్టి మూసే ఓపిక గాని లేని ఇంట్లో ఒంటి చెక్క రెండు ఎండకాలాలు దాటడం కష్టం. పైగా దాని ధర ఇంచుమించు రెట్టింపు. కవి 'ఒంటి చెక్కయే కొనుము' అనక, 'ఒంటి చెక్కయొ లేక ప్లైవుడో అరసి' అని తీర్పు మన ఇంటికి వదిలాడు.

పాఠాంతరం: 'కూలరు రాకమున్న'. గణాలూ యతీ ఈ పాఠంలోనూ సరిపోతాయి. కూలరు అటక దిగకముందే, దసరాకూ సంక్రాంతికీ మధ్య కొనమని అర్థం. కొత్త నైలాను తీగలు కొన్నాళ్లు సాగుతూ శ్రుతి జారుతుంటాయి. ఎండలు ముదిరేలోపు అవి కుదురుకుంటాయి, వాద్యం మీద చూపూ నిలుస్తుంది. రెండు పాఠాలూ గ్రాహ్యమే.

'తమ్మి': తమ్మి అనగా పద్మము, కవి సరస్వతిని సంబోధించాడని నిఘంటువు విప్పిన ఒకరి వ్యాఖ్య. మానేరు ఇవతలి వారెవరూ ఒప్పుకోరు.

ప్రయోజనము

శంక: సినిమా పాటలు కొట్టుకునేవాడికి ఇంత శాస్త్రం ఎందుకు? సమాధానం: సినిమా పాటలకే పనికొస్తుంది గనుక. ఇళయరాజా మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చి, లండన్ ట్రినిటీ సంగీత కళాశాల క్లాసికల్ గిటారు పరీక్షలో బంగారు పతకం తెచ్చుకున్నవాడు. ఆయన పాటల్లో గిటారు ఒకేసారి అడుగు స్వరమూ పై రాగమూ పలకడం వెనక ఆ సాధన ఉంది.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివి కొనబోయేవారికి మా తీర్పు: మొదటి క్లాసికల్ గిటారుకు 52 మిల్లీమీటర్ల మెడ, 650 తీగ పొడవు, ప్లైవుడ్ పైచెక్క చాలు. మిగిలిన డబ్బు గురువు ఫీజుకు పెట్టండి. పాత స్టీలు గిటారు అమ్మకండి, పెళ్లి బరాత్‌లో అదే వినబడుతుంది. ఒంటి చెక్క గిటారు కొనేది, ఇంట్లో కూలరు లేని గది ఒకటి ఏర్పడ్డాక.