కార్తేజు సంధియు పేరూరు గేట్లును

రోము కార్తేజుల సంధికథ చెప్పనివాడు ఈ నడుమ మా అనంతపురములో కనబడుట లేదు. టీ దుకాణము కడ నిలుచున్న ప్రతి పండితమ్మన్యుడును, రెండువేల యేండ్లకు పైబడి సాగిన యుద్ధమును 1985 ఫిబ్రవరిలో ఇద్దరు మేయర్లు ఒక్క కాగితముతో ఆపిన వైనమును, తానే సాక్షిసంతకము చేసి వచ్చినంత ధీమాతో వర్ణించును. ఆపై, విజయనగరమును కూల్చిన మన తళ్లికోట యుద్ధమునకు మాత్రము సంధి యెవరు వ్రాసిరి, పెనుకొండలో మనమును ఒక ఉత్సవము జరుపరాదా యని ముక్తాయింపు.

సంధికి రెండు పక్షములు ఉండవలెనని నా మొరటుబుద్ధికి తోచును. క్రీ.పూ. 146లో సిపియో ఎమిలియానుసు కార్తేజును కాల్చి, బ్రతికి బయటపడిన సుమారు 50,000 మందిని బానిసలుగా అమ్మించెను. సంతకము చేయవలసిన రెండవ పక్షము ఆ సంతలోనే సమాప్తమయ్యెను. (నేలపై ఉప్పు చల్లించిరన్న కథ మాత్రము మొన్నమొన్నటివారి కల్పన, ప్రాచీనులలో ఒక్కరును దానిని చెప్పలేదు.)

పోనిండు, ఆ బూడిదపై మరల నగరము కట్టినదెవరు? ఆ రోమనులే! సీజరు సంకల్పింపగా అగస్టసు నాట అది రోమను వలసగా లేచి, శతాబ్దములు వర్ధిల్లి, 698లో అరబ్బుల చేత కూలెను. అనగా 1985లో రోము మేయరు ఉగో వెతెరె గారు కరచాలనము చేసిన చెడ్లీ క్లిబీ గారు, హానిబలుకు వారసులో, అగస్టసుకు వారసులో, రోమనులను వెడలగొట్టిన వారికి వారసులో తేల్చుట బ్రహ్మతరము కాదు. హంతకుడి మునిమనుమడు, హతుని యింట ఆ తరువాత అద్దెకు దిగినవానితో రాజీపత్రము వ్రాసికొన్నట్లున్నది వ్యవహారము. క్లిబీ గారు అప్పుడు అరబ్బు లీగునకు ప్రధాన కార్యదర్శి కూడ. వారికి చేయవలసిన సంధులు అంతకంటె దగ్గరలోనే బోలెడు ఉండెను.

ఏథెన్సు స్పార్టాలు 1996లో ఇదే తంతు నడపిరి, క్రీ.పూ. 404లోనే ఏథెన్సు లొంగిపోయి గోడలు పడగొట్టుకొన్న సంగతి యెవరికిని జ్ఞప్తికి రాలేదు. స్పెయినులోని హుయేస్కరు 1809లో డెన్మార్కుపై ప్రకటించిన యుద్ధమును 1981లో విరమించినది, ఈ లోపల ఒక్క తూటాయైనను పేలకుండ.

ఇక పెనుకొండ యుత్సవమున సంతకములు చేయువారెవరయ్యా? ఒకవంక విజాపురము, అహమ్మదునగరము, బీదరుల పెద్దలును గోల్కొండ తరఫున హైదరాబాదు మేయరును, మరొకవంక మన నగరపంచాయతీ అధ్యక్షులును అక్కడి గగనమహలులో కూర్చుందురు కాబోలు! 1565లో తళ్లికోట పోరున రామరాయల తల తెగిన పిమ్మట ఆయన తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలతోను, ఏనుగులపై ధనముతోను చేరిన ఆ పెనుకొండలోనే బాబయ్య దర్గా ఉరుసుకు హిందువులు తరతరములుగా పోవుచున్నారు. ఎవనితో ఎవనికి యుద్ధము?

సంధిపత్రమే కావలెనా, ఉన్నది చదువుకొనుడు. 1892 ఫిబ్రవరి 18న మదరాసు, మైసూరు ప్రభుత్వములు వ్రాసికొనిరి: పెన్న, చిత్రావతి, వేదావతి, పాపఘ్నులపై మైసూరువారు క్రొత్త జలాశయము కట్టదలచినచో ముందు దిగువవారి సమ్మతి పొందవలెనని. సలక్షణమైన కాగితము. అయినను ఎగువ నాగలమడికె కడ ఆనకట్ట కలదు, దానికి పైన చెరువులు కలవు, చెక్ డ్యాములు కలవు. దిగువ పేరూరులో పెన్నపై మనవారు కట్టిన జలాశయము నిండుట దశాబ్దముల కొకమారు. తక్కిన యేండ్లలో దాని గేట్ల ముందు కంపచెట్లు మొలచును. ఎగువనున్న పావగడ రైతు నాకు శత్రువు కాడు, వాని బోరును ఎండినదే. నాకు కడుపు మండునది, ఎన్నికకొకసారి వచ్చి ఆ గేట్లకు రంగు వేయింతుమని చెప్పిపోవు మన ప్రభువులను చూచి. బోరులారీ రాత్రియంతయు గర్జించి, తెల్లవారుసరికి చేనిలో తెల్లని రాతిపొడి కుప్పను, రైతు పేర అప్పును మిగిల్చి పోవుచుండగా, వేరుసెనగ ఊడలు దిగువేళకు వాన మొగము చాటు చేయుచుండగా, నాలుగున్నర శతాబ్దముల క్రింద ముగిసిన పోరునకు పూలమాలలా? సిగ్గుండవలదా?

ఉత్సవమునకు చందా అడుగ వచ్చువారు ముందు పేరూరు పోయి, ఆ కంప కొట్టించి, గేట్లు లేచునో లేదో చూచి రండు. ఆపై చందా సంగతి మాటలాడుదము.