తొక్కలో నీతులు

అమ్మా, సొరకాయ చెక్కు తీశారా? ఆగండాగండి! ఆ తొక్కను ఎక్కడ పడితే అక్కడ వేయకండి. దాని మీద ఇప్పుడు మీకంటే ప్రభుత్వానికే మమకారం ఎక్కువ. దానికో చట్టం ఉంది. ఓ నినాదం ఉంది. పొద్దున్నే వీధిలో ఆటో మైకు చెవులు చిల్లులు పడేలా వాయించే పాట కూడా ఉంది. అన్నీ ఉన్నాయి. ఆ తొక్క పోయే దారి ఒక్కటే లేదు.

2015లో హైదరాబాద్‌లో ఇంటికి రెండు చొప్పున 44 లక్షల డబ్బాలు పంచారు. ఆకుపచ్చది తడికి, నీలిది పొడికి. భలే పనికొచ్చాయి! ఒకదాంట్లో బియ్యం పోసుకున్నారు, ఇంకోదాంట్లో నల్లా నీళ్లు పట్టుకున్నారు. నవ్వకండి. రెండు డబ్బాల చెత్తా చివరికి ఒకే ఆటోలో ఒకే కుప్ప అవుతుందని జనం నాలుగు రోజుల్లోనే కనిపెట్టారు. ఈమాత్రం సంబడానికి కొత్త డబ్బా ఎందుకు పాడు చేసుకోవడం?

అయినా వేరు చేసేవాళ్లు ఉన్నారు. పొయ్యి మీద పోపు మాడుతుంటే ఒక చేత్తో కొత్తిమీర వేర్లు, ఇంకో చేత్తో పాల ప్యాకెట్టు. చింతపండు పిప్పి ఇటు, మసాలా కవరు అటు. ఈ కవాతంతా ఎవరిది? ఇల్లాలిది, లేదా పనిమనిషిది. హాల్లో అయ్యగారు మాత్రం జపాన్ వీధులెంత శుభ్రమో వాట్సాప్‌లో చదివి వినిపిస్తుంటారు. సారూ, సింకు జాలీలో ఇరుక్కున్న మెతుకుల్ని మీ చేత్తో తీసి ఎన్నాళ్లయింది? అసలు ఆ జాలీ ఊడి వస్తుందని తెలుసా? ‘భూమాతను కాపాడుదాం’ అని పోస్టు పెట్టిన వేలూ, జాలీలో పెట్టిన వేలూ ఒకటేనని నిరూపిస్తే శాలువా కప్పుదాం, రండి.

తడి చెత్తను పద్ధతిగా వేరు చేసి ఏం చేస్తాం? పల్చటి క్యారీబ్యాగులో కుక్కి రెండు ముళ్లు వేస్తాం. 120 మైక్రాన్ల కంటే పల్చటి సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. మరి ఇదెక్కడిది? కూరగాయల బండి దగ్గర వంకాయలతో పాటే వచ్చింది. నిషేధం ఏ సందులోంచి పారిపోయిందో ఆ వంకాయలనే అడగాలి. గాలాడని ఆ ముడిలో నిన్నటి సాంబారు, మొన్నటి చేప పొలుసు కలిసి కుళ్లుతాయి. మనకేం, తలుపు వేసుకుంటాం. ముడి విప్పేది ఆటో కార్మికుడు. చాలాసార్లు చేతికి తొడుగు కూడా ఉండదు. నాలుగు అట్టముక్కలు, సీసాలు అమ్ముకుంటేనే ఆయనకు గిట్టుబాటు. సాంబారులో నానిన అట్టను పాత సామాన్లవాడు ముట్టుకోడు. ఆయన నెల డబ్బులు అడిగితే మాత్రం మనకు ఎక్కడలేని లెక్కలూ గుర్తొస్తాయి!

ఇక గేటెడ్ కమ్యూనిటీ దొరలు. 5,000 చదరపు మీటర్లు దాటితే తడి చెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని 2016 ఏప్రిల్‌లో నిబంధన వచ్చింది. ఏడాది గడువు ఇచ్చారు. ఏడాది ఏమిటి, ఏళ్లు గడిచాయి. ఈతకొలను రోజూ కడుగుతారు. ‘కంపోస్ట్ యూనిట్’ అని బోర్డున్న గదిలో విరిగిన కుర్చీలుంటాయి. అడిగే నాథుడేడీ? అడగాల్సిన అధికారి కూడా అదే కమ్యూనిటీలో బీ బ్లాకులో ఉంటే?

ఆంధ్రప్రదేశ్ కథ ఇంకా కమ్మగా ఉంటుంది. 2021 అక్టోబరు 2న ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అన్నారు. మూడు రంగుల డబ్బాలిచ్చారు, చెత్త పన్నూ వేశారు. 2024 అక్టోబరు 2న కొత్త ప్రభుత్వం ఆ పన్ను రద్దన్నది. పాతవాళ్లు 85 లక్షల టన్నుల చెత్త మిగిల్చి పోయారనీ అన్నది. పాపం గాంధీగారు! తగిలించడానికీ ఆయన పుట్టినరోజే, పీకేయడానికీ ఆయన పుట్టినరోజే. పన్ను పోయింది సరే, తడీ పొడీ విడిపోయాయా?

హైదరాబాద్ చెత్త ఆఖరి మజిలీ జవహర్‌నగర్. అక్కడి గుట్టకు మట్టి కప్పి గడ్డి పెంచారు. దూరం నుంచి ఫొటో తీస్తే ఊటీ! కింద నుంచి ఊరిన నల్లనీళ్లు మాత్రం మల్కారం చెరువును వదల్లేదు. గాలి తిరిగితే దమ్మాయిగూడలో కిటికీలు మూతపడతాయి. పక్కనే చెత్తతో కరెంటు తీసే 24 మెగావాట్ల ప్లాంటు. మంచిదే. కిలోకు 1,500 కిలో కేలరీలు, ఆపైన వేడి ఇచ్చే, మళ్లీ వాడుకోలేని చెత్తను గుట్టల్లో పారేయకుండా ఇలా ఇంధనానికే వాడాలని 2016 రూల్స్ చెప్పాయి. నీళ్లోడే పుచ్చకాయ తొక్క ఎంత మండుతుందో చెప్పడానికి ఇంజినీరింగ్ చదవాలా?

పోనీ, ఎలా చేయాలో తెలియదా? భేషుగ్గా తెలుసు. సూర్యాపేట 2000ల తొలినాళ్లలోనే వీధి కుండీలు ఎత్తేసి, ఇంటింటా తడి, పొడి వేరుగా తీసుకుని, వానపాములతో ఎరువు చేసి చూపించింది. బోయినపల్లి మార్కెట్‌లో 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో మెచ్చుకున్నారు. మెచ్చుకోళ్లయ్యాయి, సెల్ఫీలయ్యాయి. మరి ప్రతి రైతుబజారులో, ప్రతి వార్డులో అలాంటిది ఒకటి పెట్టడానికి ఎవరు అడ్డు?

ఎవరంటే చెప్పలేం గానీ, బిల్లు ఎలా తయారవుతుందో చూడండి. చెత్త చూసే కాంట్రాక్టులకు టన్నుల లెక్కన డబ్బు. సొరకాయ తొక్కలో ఉన్నదంతా నీళ్లే, నీళ్లే బరువు. అది మీ పెరట్లోనో పక్క వార్డులోనో మట్టిలో కలిసిపోతే కాటా మీదికి ఎక్కేదేమిటి? బిల్లులో రాసుకునేదేమిటి?