బ్యాంకాక్ మసాజ్: టిప్పు తప్పించుకునే మార్గాలు

గ్రూప్ టూర్‌లో బ్యాంకాక్ వెళ్ళే మనవాళ్ళకి ఆవకాయ సీసా కారకుండా ఎలా చుట్టాలో చెప్పేవాళ్ళు ఇంటికొకరు ఉన్నారు. మసాజ్ అయ్యాక టిప్పు ఇవ్వకుండా ఎలా బయటపడాలో చెప్పే నాథుడే లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

ముందు లెక్క. వీధి పక్క దుకాణంలో గంటసేపు కాళ్ళు పట్టించుకుంటే 300 బాట్లు, అటూ ఇటూగా. పట్టిన మనిషి చేతిలో విడిగా 50 నుంచి 100 బాట్లు పెట్టడం అక్కడి వాడుక. ఇక్కడే బుర్ర వాడాలి. ధరని బాట్లలోనే చూసుకోండి, టిప్పుని మాత్రం రూపాయల్లోకి మార్చుకోండి. 300 అంటే ‘చవకే’ అనిపిస్తుంది. 100 బాట్లని రూపాయల్లోకి మారిస్తే 250 దాటుతుంది, ‘అమ్మో, మా వీధి సెలూన్లో కటింగూ తల మాలిషూ రెండూ అయిపోతాయి’ అని గుండె గట్టిపడుతుంది.

‘దుకాణం వాళ్ళు జీతం ఇస్తారుగా’ అనేది మంచి మాట, మర్చిపోకండి. చాలా చోట్ల నెల జీతమంటూ ఉండదు, చేసిన గంటకి ఇంతని వాటా. గిరాకీ లేనప్పుడు గుమ్మం ముందు కుర్చీల్లో కూర్చుని ‘మసాజ్... మసాజ్’ అని దారినపోయేవాళ్ళని పిలుస్తూ ఉండాల్సిందే. ఇలాంటి వివరాలు ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి. తెలిశాక చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

పెద్ద హోటళ్ళ స్పాల్లో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి. ఒకటి 10 శాతం సర్వీస్ ఛార్జి, రెండోది 7 శాతం పన్ను. వీధి దుకాణంలో ఆ ప్లస్సులు ఉండవు, అయినా సరే ‘సర్వీస్ ఛార్జి అందులోనే ఉందిగా’ అనేయండి. స్పాలోనేమో ఆ ఛార్జి తీసెయ్యమని గొడవపడండి. 2022 జూలైలో ఢిల్లీ నుంచి మార్గదర్శకాలు వచ్చాయని గట్టిగా చెప్పండి. అవి మన దేశంలో హోటళ్ళకీ రెస్టారెంట్లకీ ఇచ్చినవని బ్యాంకాక్ రిసెప్షన్లో కూర్చున్న పిల్లకేం తెలుసు?

వీటన్నిటికన్నా బలమైంది చరిత్ర. థాయి మసాజ్ వాళ్ళు తమ ఆదిగురువుగా కొలిచేది జీవకుణ్ణి. బుద్ధుడికి వైద్యం చేసిన మన రాజగృహం వైద్యుడు. వాట్ ఫో గుడిలో ఒంట్లో ఏ నరం ఎక్కడ నొక్కాలో రాతి పలకల మీద చెక్కి ఉంటుంది. 2019లో యునెస్కో ఈ విద్యని వారసత్వ జాబితాలో చేర్చింది. గైడు ఇదంతా చెబుతున్నంతసేపూ తలూపి, చివర్లో ‘మన దగ్గర్నుంచి వెళ్ళిందేగా’ అనండి. విద్య నేర్పినవాళ్ళమే మనం, మన దగ్గరే టిప్పా?

జీవకుడి కథలో మనకి ఆదర్శం కాదగ్గ ఇల్లాలు కూడా ఉంది. వినయ పిటకంలో వస్తుంది. సాకేతంలో ఒక శ్రేష్ఠి భార్యకి ఏడేళ్ళుగా తలనొప్పి. జీవకుడు ‘ముందుగా ఏమీ ఇవ్వొద్దు, తగ్గాక మీకు తోచింది ఇవ్వండి’ అని కబురుపెట్టి, మందు కలిపిన నెయ్యి ముక్కులో పోశాడు. నోట్లోంచి వచ్చిన నెయ్యిని ఆవిడ ఉమ్మేసి, దాన్ని దూదితో ఎత్తిపెట్టమని దాసికి చెప్పింది. పారేయాల్సిన నెయ్యి కూడా వదలని మనిషి, నాకేం ఇస్తుందిలే అని వైద్యుడికి దిగులు పట్టుకుంది. ఆవిడ అది కనిపెట్టి, పనివాళ్ళ కాళ్ళకి రాయడానికో దీపంలోకో పనికొస్తుందని ఎత్తించానంది. మీరు కథని ఇక్కడ ఆపేయండి. తలనొప్పి తగ్గాక ఆవిడా, కొడుకూ, కోడలూ, భర్తా తలా నాలుగు వేల కార్షాపణాలు ఇచ్చారన్న ముక్క గ్రూపులో ఎత్తకండి. నెయ్యి దగ్గర పొదుపు, మనిషి దగ్గర ధారాళం అనే పాతకాలపు పద్ధతి మన బడ్జెట్‌కి సరిపడదు.

అసలు గండం మసాజ్ అయ్యాక మొదలవుతుంది. ముందు మీ కాళ్ళు గోరువెచ్చని నీళ్ళలో కడిగింది ఆ మసాజ్ చేసినావిడే. చిన్న చెక్క పుల్లతో అరికాల్లో నొక్కి మీ చేత ‘అబ్బా’ అనిపించిందీ ఆవిడే. ఆ చేతి బొటనవేలి కణుపు మీద కాయ కాసి ఉండొచ్చు, అటు చూడకండి. భుజాలు తట్టి, చిన్న కప్పులో టీ ఇచ్చి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతుంది. మీరూ అంతకన్నా వంగి నమస్కారం పెట్టండి. ఖర్చు లేదు, పైగా రెండు చేతులూ జేబుకి దూరంగా ఉంటాయి. టీని బాగా చల్లారనివ్వండి. గిరాకీ ఉన్న సాయంత్రమైతే మీ రెండో గుక్కకి ఆవిణ్ణి ఇంకెవరి కాళ్ళ దగ్గరికో పిలుస్తారు. అప్పుడు లేవండి. పాదరక్షలు గుమ్మం బయటే విప్పాలి కాబట్టి లేసుల బూట్లతో వెళ్ళారో, ముడి వేసుకునేలోగా దొరికిపోతారు. హవాయి చెప్పులే శ్రేష్ఠం.

ఆవిడ గనక అక్కడే నిలబడి ఉంటే ‘ఫోన్‌పే ఉందా?’ అని అడిగి, లేదనగానే మొహం చిన్నబుచ్చుకోండి. అదీ పనిచెయ్యకపోతే జేబులో మిగిలిన ఒక బాటు, రెండు బాట్ల నాణేలు కప్పు పక్కన పెట్టేయండి. ఏమీ ఇవ్వకపోయినా పట్టించుకోరు గానీ ఇలా చిల్లర పెడితే వాళ్ళకి అవమానం. మీకేమో ఇంటికి తీసుకెళ్తే ఎందుకూ కొరగాని బరువు దిగిపోతుంది. నోటే ఇవ్వాల్సివస్తే ఆవిడ చేతికి మాత్రం ఇవ్వకండి. కౌంటర్లో బిల్లుతో కలిపేయండి. అది ఆవిడకి చేరిందో లేదో మనకెందుకు, ఇచ్చిన పేరు మీకొచ్చింది. విసరడాలు మాత్రం వద్దు. అక్కడి ప్రతి నోటు మీదా రాజుగారి బొమ్మ ఉంటుంది, దానికి అగౌరవం జరిగితే కేసుల దాకా పోతుంది.

మర్నాడు గుళ్ళన్నీ తిరిగి మళ్ళీ కాళ్ళు పీకితే అదే దుకాణానికి వెళ్ళకండి. ఆ వీధిలోనే ఇంకా బోలెడున్నాయి, వాళ్ళకి మీ సంగతి తెలీదు.