నూటెనిమిది కుట్ల బంతి

నేను బేస్‌బాల్ ఆడతానంటే ఆదోనిలో ముందు ఎవరూ నమ్మరు. నమ్మినాక అడిగే మొదటి మాట, "ఏ కోటా కోసరమప్పా?" అని.

వాళ్ళననడానికి లేదు. మా వైపు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ అనగానే బంతి కంటే ముందు సర్టిఫికెట్ గుర్తొస్తుంది. మెడిసిన్ సీట్లలో స్పోర్ట్స్ కోటా అని ఒకటుందని తెలిసిన రోజు నుంచి మా మేనమామకు ఈ ఆట మీద ఎక్కడలేని ప్రేమ. బేసేదో బ్యాటేదో తెలియని మనిషి, కనబడినప్పుడల్లా "నేషనల్స్ ఎప్పుడురా?" అంటాడు. ఒకరోజు గడపలో చెప్పులు విప్పుతూనే, "ఆడకుండా ఆ సర్టిఫికెట్టు రాదా?" అని అడిగాడు. "ఆడితేనే రాలేదు మామా" అన్నాను. అప్పటి నుంచి ఆయన ప్రేమ చెస్ మీదికి మళ్ళింది.

నాకీ పిచ్చి ఆరో తరగతిలో పట్టింది. మా బడి పీఈటీ సారు ఎన్నేళ్ళుగానో తాళం వేసి ఉన్న బీరువా తీసి, అల్యూమినియం బ్యాటు ఒకటి, గ్లోవులు కొన్ని బయట పడేశాడు. కుడిచేత్తో బంతి విసిరేవాడు గ్లోవు ఎడమచేతికి తొడగాలన్న సంగతి మాకు అర్థం కావడానికి ఒక టర్మ్ పట్టింది. బేసులు మాత్రం కిట్లో లేవు. సారు దానికో ఉపాయం చేశాడు. పాత గోనెసంచులు కోయించి, పక్కనున్న ఆయిల్ మిల్లు నుంచి పత్తి గింజలు తెప్పించి, వాటిలో నింపి కుట్టించాడు. చదరంగా, బరువుగా, చూడ్డానికి అచ్చం టీవీలో బేసుల్లాగే ఉన్నాయి.

పత్తి గింజలంటే ఎనుములకు ప్రాణమని సారుకు తట్టలేదు. ఆయనది పట్నం.

మ్యాచ్ మంచి పట్టులో ఉంది. ఫస్ట్ బేసు మీదున్న మావాడు సెకండ్ బేసుకు పరుగెత్తి, దుమ్ము లేపుకుంటూ జారాడు. దుమ్ము తగ్గేసరికి మావాడున్నాడు, బంతి పట్టుకున్న ఫీల్డరున్నాడు, ఇద్దరి మధ్యా ఒక ఎనుము నిలబడి సెకండ్ బేసును నెమ్మదిగా నములుతోంది. ఔటా, కాదా? బేసు చోటు తప్పితే ఏం చేయాలో అమెరికా రూల్ బుక్కులో ఉంది. బేసు కడుపులోకి పోతే ఏం చేయాలో లేదు. సారు చాలాసేపు ఆలోచించి రన్నరు సేఫ్, ఎనుము ఔట్ అన్నాడు. ఎనుము ఒప్పుకోలేదు. థర్డ్ బేసు కూడా తిని పోయింది.

ఇక గ్రౌండు సంగతి. మాది నల్లరేగడి. పత్తికి బంగారం, బంతికి బావి. ఎండాకాలం నెర్రెలు విచ్చుకుంటే నేలబారుగా వచ్చే బంతి ఫీల్డరు చేతికొచ్చేలోపు భూమిలోకి దిగిపోతుంది. ఎవడి చెయ్యి సన్నగా ఉంటే వాణ్ణి షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టేవాళ్ళం, తీయడానికి పనికొస్తాడని.

అమెరికాలో ఉద్యోగం చేసే ఎదురింటి అన్న ఒకసారి వస్తూ అసలు సిసలు బేస్‌బాల్ బంతి తెచ్చిచ్చాడు. తెల్లటి తోలు, ఎర్రటి దారం. అది మా అల్యూమినియం బ్యాటు దెబ్బలకు నిరుడు ఒక పక్క నోరు తెరిచింది. చెప్పులు కుట్టే ఆయన చూసి, "ఇది నా సూదికి లొంగదు" అన్నాడు. దాన్ని సంచిలో వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. అక్కడ మా అమ్మగారి నాయన ఉన్నాడు. మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన చేనేత సొసైటీకి బతుకంతా నేసిన మనిషి. సోమప్పగారికి 1954లో పద్మశ్రీ వచ్చింది. ఆ సంగతి తాత ఇప్పటికీ ఆ పతకం తన మగ్గం మీదే దిగినట్టు చెబుతాడు.

తాత అద్దాలు తుడుచుకుని, బంతిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, తెగిన కుట్టు దగ్గర బ్లేడు పెట్టాడు. తోలు రెండు ముక్కలు, రెండూ ఎనిమిది అంకె ఆకారంలో. కింద దారం. లాగుతుంటే వస్తోంది, వస్తోంది, వస్తూనే ఉంది. పైన సన్నటి పోగు, దాని కింద ఉన్ని, మళ్ళా ఉన్ని, నట్టనడుమ రబ్బరు చుట్టిన బెండు గుండు. తాత పైపోగు వేళ్ళ మధ్య నలిపి, "ఉన్ని దొడ్డదే. ఈ పైది మటుకు పత్తిలో పాలిస్టర్ కలిపినారు, దొంగనాయాళ్ళు" అన్నాడు. మాట నిజమే. అమెరికావాడు ఆ సంగతి దాచుకోలేదు గానీ, తాత మాత్రం దొంగను పట్టుకున్నంత సంబరపడ్డాడు.

"కుట్లెన్ని?" అన్నాడు. నూట ఎనిమిది జంట కుట్లు తాతా అన్నాను. ఆ మాటతో లోపల బియ్యం ఏరుతున్న అవ్వ బయటికొచ్చింది. "నూటెనిమిదా?" ఇప్పటికీ ఆ కుట్లు మిషన్ మీద కాదు, కోస్టారికా అనే చిన్న దేశంలో మనుషులే చేత్తో వేస్తారని చెప్పాను. అవ్వకు కోస్టారికాతో పనిలేదు. జపమాలలో నూటెనిమిది, అష్టోత్తరంలో నూటెనిమిది, ఆఖరికి అంబులెన్స్ నంబరూ నూటెనిమిదే. తాత రెండు సూదులతో, రెండు వైపుల నుంచీ ఒకేసారి లాగుతూ బంతి కుట్టి ముగించేసరికి, అవ్వ దానికి కుంకుమ బొట్టు పెట్టి నీలకంఠేశ్వరుడి పటం ముందు పెట్టేసింది. అడిగి తెచ్చుకోవడానికి జాతర దాకా ఆగాల్సొచ్చింది. తాత మాత్రం ఆ రోజు నా చేతికి సూది ఇచ్చి, "డాక్టరైతే ఇట్లనే కుట్టల్ల. కుట్టు కుట్టుకు ఒకే బిగువు. యాడన్నా వదులైతే రోగి వచ్చి నిన్నడగడు, పైకి పోతాడు" అన్నాడు.

డాక్టరయ్యేది ఎప్పుడంటే, అదింకా తేలలేదు. నేను లాంగ్ టర్మ్. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పు రాస్తే నాలుగు వస్తాయి, తప్పు రాస్తే ఒకటి పోతుంది. పదిసార్లు బ్యాటింగ్‌కు వచ్చి మూడుసార్లు హిట్ కొట్టినవాణ్ణి బేస్‌బాల్‌లో గొప్పోడంటారని నాయనతో ఒకసారి అన్నాను. "మిగతా ఏడుకు మైనస్ లేదా?" అన్నాడు. లేదన్నాను. "అందుకే ఆటన్నారు దాన్ని" అని లేచిపోయాడు.

లాంగ్ టర్మ్‌లో నాకో తోడుంది, మా ఊరి మెడికల్ కాలేజీ. రాష్ట్రంలో కొత్తగా పదిహేడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలన్నారు. 2023లో నంద్యాలతో కలిపి అయిదు చోట్ల క్లాసులు మొదలయ్యాయి. ఆదోని తర్వాతి విడత అన్నారు. నన్నూ కౌన్సెలింగ్‌లో తర్వాతి విడత చూడమన్నారు. ఇద్దరిలో ఎవరు ముందు పాసవుతామో చూడాలి.

క్రికెట్టయినా ఆడొచ్చు కదా అనే బంధువులకు మా ఇంట్లో కొదవ లేదు. వాళ్ళు లక్ష్మణ్ పేరెత్తితే నాకు సంతోషమే. వి.వి.ఎస్. లక్ష్మణ్ అమ్మానాన్నలిద్దరూ విజయవాడలో డాక్టర్లు. ఆయనా డాక్టరు కావాల్సినవాడే, క్రికెట్ వైపు పోయాడు. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో 281 కొట్టాడు. ఇదంతా ఏకరువు పెడితే నాయన శాంతంగా విన్నాడు. "వాళ్ళింట్లో ముందే ఇద్దరు డాక్టర్లున్నారు. మనింట్లో ఒకడన్నా కాకముందే వదిలేస్తానంటే ఎట్లరా?"

రెండూ వదలని వాళ్ళున్నారని చెప్పడమే నా పని. బాబీ బ్రౌన్ అని న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు, ఆడుతూనే మెడిసిన్ చదివి 1950లో పట్టా తెచ్చుకున్నాడు. నాలుగుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉండి, 1954లో బ్యాటు పక్కన పెట్టి గుండె డాక్టరైపోయాడు. ఆయన గదిలో ఉండేవాడు యోగి బెర్రా. ఒక రాత్రి బ్రౌన్ లావుపాటి పాథాలజీ పుస్తకం, బెర్రా బొమ్మల పుస్తకం ఒకేసారి మూశారట. నాది బాగుంది, మరి నీ కథ చివరికి ఏమైందని బెర్రా అడిగాడని చెప్పుకుంటారు. హాస్టల్లో నా గదివాడికి ఈ కథ చెప్పాను. వాడు నవ్వలేదు, పాథాలజీ నీట్ సిలబస్‌లో ఉందా అని అడిగాడు.

ఇంకో ఆయన, ఆర్చిబాల్డ్ గ్రాహమ్. 1905లో న్యూయార్క్ జెయింట్స్ తరఫున ఒకే ఒక్క మ్యాచ్‌లో దిగాడు. బ్యాటు పట్టే వంతు రానేలేదు. తర్వాత మిన్నెసోటాలో చిజమ్ అనే గనుల ఊళ్ళో దశాబ్దాల పాటు డాక్టరు. ఆయన మీద సినిమాలో పాత్ర కూడా వచ్చింది. ఒక్క బంతీ ఎదుర్కోని వాడికి ఇంత పేరొస్తే, మూడు జిల్లా టోర్నీల్లో బెంచీ మీద కూర్చున్న నాకు రావాల్సినదెంత?

కానీ నా అసలు గురువు ఫ్రాంక్ జోబ్. ఆర్థోపెడిక్ డాక్టరు. 1974లో టామీ జాన్ అనే పిచ్చరుకు ఎడమ మోచేతి లిగమెంటు తెగింది. అప్పట్లో అది తెగితే ఆటా తెగినట్టే. జోబ్ అతని కుడి ముంజేతిలోంచి ఒక సన్నటి స్నాయువు తీసి, ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు చేసి, అందులోంచి దూర్చి కట్టాడు. అంటే మా తాత చేసిన పనే. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి, 1989 దాకా ఆడి, ఆపరేషన్ తర్వాతే 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఆ ఆపరేషన్‌కు రోగి పేరే నిలిచిపోయింది.

ఆ స్నాయువును పాల్మారిస్ లాంగస్ అంటారు. బొటనవేలు చిటికెనవేలు కలిపి, మణికట్టు కాస్త లోపలికి వంచితే నడిమధ్యలో తాడులాగా లేస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా నష్టం లేదు. ఇది తెలిసినప్పటి నుంచి నాకు మనుషుల ముఖాలు కనబడటం మానేసి మణికట్లు కనబడుతున్నాయి.

ఎమ్మిగనూరు బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన చేతిని అడిగి మరీ చూశాను. తలపాగా, చేతిసంచి. "ఏం సూస్తుండావప్పా?" "నరముందా లేదా అని తాతా." "ఉందా?" "బాగా ఉంది." ఆయన మొహం వెలిగిపోయింది. వెనక సీటాయన వంగి తన చెయ్యి చాపాడు. ఆయనకు లేదు. "లేకపోతే ఏమైతాది?" అని గాబరాపడ్డాడు. ఏమీ కాదన్నా వినడే. "శాంతి ఏమన్నా చేయించల్లా?" అన్నాడు. అంతలో ముందు సీట్లోంచి ఒకమ్మ, "మా బిడ్డకు సంబంధం యా దిక్కు నుంచి వస్తాదో సూడు నాయనా" అంది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి, పొలంలో బోరు ఎక్కడ వేయాలో అడిగాడు. వైద్యం వేరు, హస్తసాముద్రికం వేరు అని చెప్పబోయాను. బస్సు సద్దులో ఎవరికీ వినబడలేదు. ఎమ్మిగనూరులో దిగేసరికి రెండు పెళ్ళిళ్ళు కుదిర్చి, ఒక బోరు వాయవ్యంలో వేయించి ఉన్నాను. ఒకాయన పది రూపాయలు చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. ఇంకా రిజిస్ట్రేషన్ రాలేదు కదా.

"మన ఆదోనిలో ఎవడప్పా ఆ బంతులేసి మోచెయ్యి ఇరగ్గొట్టుకునేది?" అంటాడు నాయన. మార్కెట్ యార్డులో కమీషన్ మండీ ఆయనది. లాటులోంచి గుప్పెడు పత్తి తీసి, పింజను రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, పొడుగెంతో తేమెంతో చెప్పే మనిషి. "నీ మండీలో హమాలీలు కొక్కెమేసి బోరాలు లాగుతుంటారే, వాళ్ళ మోచేతులు ఎప్పుడన్నా చూసినావా?" అన్నాను. ఆ పూట ఆయన మారుమాటాడలేదు. మర్నాడు యార్డు నుంచి ముగ్గురు హమాలీలను వెంటబెట్టుకొచ్చి, "చూడు" అన్నాడు. సీటు రాకముందే ఓపీ మొదలైంది.

న్యూయార్క్‌లో సాయంత్రం ఏడుకు ఆట మొదలైతే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. బైపీసీ పిల్లలు లేచి చదవాలని పెద్దలు పెట్టిన వేళా అదే. దేవుడు చేసిన ఏర్పాటు. వేసవంతా నా గదిలో లైటు చూసి అమ్మ పొంగిపోయి టీ పెట్టిచ్చేది. పక్కింటివాళ్ళు వాళ్ళబ్బాయిని నా పేరు చెప్పి తిట్టేవాళ్ళు. ఒకరోజు టీ గ్లాసుతో నాయన వచ్చాడు. పుస్తకం కింద ఫోను, ఫోనులో డాడ్జర్స్ ఆట.

అరుస్తాడనుకున్నా. కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఎవరీయప్ప?"

"ఒహ్తానీ నాయనా. జపానాయన."

"ఎంతిస్తారు?"

"పదేండ్లకు 70 కోట్ల డాలర్లు. 2023లో రాసుకున్నారు. అప్పటి మన లెక్కలో 5,800 కోట్లు."

నాయన పెదాలు కదిలాయి. క్వింటాలు ఏడు వేల లెక్కన చేస్తున్నాడని తెలిసిపోయింది. "83 లచ్చల క్వింటాళ్ళ పత్తి" అన్నాడు మెల్లగా. "ఏమిట్రా వీని చేతిలో ఉండేది?"

"ఆ చేతికి రెండుసార్లు ఆపరేషన్ అయింది. 2018లో ఒకసారి, 2023లో ఒకసారి. రెండూ ఒకే డాక్టరు, నీల్ ఎలాట్రాష్."

నాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ డాక్టరు ఏ గ్రూపు?"

"అమెరికాలో బైపీసీ ఉండదు నాయనా."

"లేకుండా డాక్టరెట్లయితాడు? బోటనీ తియ్యి. ఫోను ఇట్లియ్యి."

ఫోను తీసుకుని హాల్లోకి పోయాడు. నేను బోటనీ తీశాను. కిరణజన్య సంయోగక్రియ రెండో పేజీలో ఉండగా హాల్లోంచి కేకేశాడు.

"ఒరే, బంతి జనాల్లో పడింది గానీ వీడు తీరుబడిగా నడుస్తాండాడు. ఇది ఔటా, కాదా?"