టీ తెచ్చేలోగా మాయం

మా అత్తవారి వైపు బీపీ, షుగరు వంశపారంపర్యం. వాటికి మందులున్నాయి. మందులేని మూడో జబ్బు మా బావమరిదికి ఒక్కడికే వచ్చింది. హడావుడిగా క్యాజువాల్టీకి పరుగెత్తడం, డాక్టరు మొహమైనా చూడకుండా ఇంటికి వచ్చేయడం. దీనిమీద ఏ ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలో తెలియక, సక్రమంగా ఇంటిపన్ను కట్టే గృహస్థుగా ఇక్కడ మొరపెట్టుకుంటున్నాను.

వెళ్లేటప్పుడు వీధి వీధంతా కదలాలి. గుండెల్లో మంట, చెమటలు, "బావా, పిల్లలు జాగ్రత్త" అంటూ అప్పగింతలు. ఓపీ చీటీ రాయించేది నేను. వీల్‌చైర్ కోసం వార్డుబాయ్‌ని బతిమాలేది నేను. ఈసీజీ తీశాక "కూర్చోండి, పిలుస్తాం" అంటారు. ఇక అక్కడినుంచి మావాడిలో రోగి తగ్గుతూ, పెద్దమనిషి పెరుగుతూ వస్తాడు. గంటకల్లా మంట చల్లారుతుంది. ఇంకాసేపటికి, తన వెనకొచ్చినవాణ్ణి ముందు లోపలికి తీసుకెళ్లారని పౌరుషం పొడుచుకొస్తుంది. ఆ వెనకొచ్చినవాడు లారీ గుద్దితే స్ట్రెచర్ మీద వచ్చాడన్నది లెక్కలోకి రాదు. నేను టీ తెచ్చేలోగా కుర్చీ ఖాళీ. ఛాతీ మీద ఈసీజీ జెల్లు ఆరకముందే, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పు పెట్టుకుని, ఆటోలో ఉంటాడు.

గేటు దగ్గరి ఆటోవాళ్లకి ఈ మొహాలు బాగా అలవాటు. 2005లో హైదరాబాదులో మొదలైన 108 బళ్లు తీసుకొచ్చి దింపేవరకే. అలిగి వెళ్లేవాడికి వీళ్లే గతి. అలిగినవాడు బేరమాడడని కూడా వాళ్లకి తెలుసు.

వరస తప్పిందని మావాడి వాదన. అక్కడి వరస వచ్చిన టైమును బట్టి ఉండదు, ప్రాణం మీదికొచ్చినదాన్ని బట్టి ఉంటుంది. మాంచెస్టర్ పద్ధతని ఒకటుంది. ఎరుపైతే తక్షణం, నారింజైతే 10 నిమిషాల్లో, పసుపైతే గంటలో, ఆకుపచ్చైతే 2 గంటల్లో, నీలమైతే 4 గంటల్లో చూడాలి. మన దగ్గర చాలాచోట్ల ఎరుపు, పసుపు, ఆకుపచ్చలతోనే సరిపెడతారు. ఆకుపచ్చ అన్నారంటే ఇంటికెళ్లి కొబ్బరికాయ కొట్టుకోవాలి. మావాడు దాన్ని పరువునష్టం కింద తీసుకున్నాడు.

మా మేనల్లుడు లెస్టర్‌లో ఉంటాడు. ఇంగ్లండులో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లలో 95 శాతం మంది సంగతి 4 గంటల్లోగా తేల్చాలని నియమం ఉందట. 2015 జూలై తర్వాత దేశం మొత్తం మీద ఒక్క నెల కూడా దాన్ని అందుకోలేదట. "ఇక్కడా లేచి వెళ్లిపోతారు మావయ్యా" అని వాడు ఫోన్లో అనగానే మా బావమరిది మొహం వెలిగిపోయింది. తనది అంతర్జాతీయ ప్రమాణమని ఆ రోజే తెలిసింది మరి.

నా అసలు గోడు వేరే ఉంది. మంట తగ్గినంత మాత్రాన గుండె భద్రమని కాదు. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో మళ్లీ చేస్తేగానీ తేలని కేసులుంటాయి. అంటే ఆ కుర్చీలో కూర్చోబెట్టడమూ వైద్యమే. ఈ ముక్క ఆ కుర్చీల దగ్గరికొచ్చి చెప్పిన పుణ్యాత్ముడు లేడు. రైలు 3 గంటలు ఆలస్యమని మైకులో చెప్పి, అసౌకర్యానికి చింతిస్తే, తిట్టుకుంటూనే జనం ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకుంటారు. ఆసుపత్రివాళ్లకి ఆపాటి చింత కూడా లేదు. ప్రాణాపాయంలో వచ్చినవాడికి ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా వైద్యం చేసి తీరాలని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకా ఎంతసేపో, ఎందుకో ఒక్క మాట చెప్పమనడానికి కూడా ఢిల్లీ దాకా వెళ్లాలా?

పైగా అలా వచ్చేసినవాడి కేసుషీటులో 'పరారీ' అని రాసిపెడతారు. ట్రాఫిక్ చలానా కూడా ఏనాడూ ఎగ్గొట్టని మా బావమరిది ఇప్పుడు రికార్డుల్లో పరారీలో ఉన్నాడు. మా వరండాలో పేపరు చదువుకుంటూ.

మా ఆవిడ మాత్రం తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనదు. "రోగిని వదిలేసి టీకి ఎందుకెళ్లారండీ మీరు?" అని నన్నే నిలదీసింది. ఈసారి ఫ్లాస్కులో పోసిస్తుందట.