ఎపిసోడ్ వదిన

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఇంటికి తెచ్చుకుని పొట్టు తీసే వీధుల్లో ఎపిసోడ్ వదిన లేని వీధి ఉండదు. చేతిలో చిన్న చాకు, ఒళ్ళో చేట, కుడి చెవిలో ఇయర్‌ఫోన్. ఎడమ చెవిని లోకానికి వదిలేసింది. కూరల బండి కేకా, అత్తగారి సణుగుడూ అందులో పడతాయి. కుడి చెవిలో మాత్రం, ఫోన్లోని ఆడియో కథల యాప్ పుణ్యమా అని, ఒక దేవకన్య భూలోకపు కుర్రాణ్ణి ప్రేమిస్తూ ఉంటుంది. ఆరొందల ఎపిసోడ్లయినా ఇంకా చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోబోయినప్పుడల్లా ఇక్కడ చాకు తడబడి గుండుపప్పు బద్దలైపోతుంది. బద్దకి ధర తక్కువ. ఆ ప్రేమలో ఇప్పటిదాకా నష్టపోయింది వదిన ఒక్కతే.

అలాగని ఊహల్లో తేలే మనిషి కాదు. దేవకన్యని అరుగు మీద కూర్చోబెట్టి పెళ్ళిచూపులు చూస్తుంది.

"రెక్కలున్నాయి, బాగుంది. వంటొచ్చా దానికి? ఏడంతస్తుల మేడట! నీల్లెక్కడినుంచి మోత్తారో ఒక్కడూ సెప్పడేటి?"

తండ్రి పిలిచాడని దేవకన్య స్వర్గానికి వెళ్ళిపోయిన వారమంతా వదిన మండిపడింది. "మా చెల్లి మొగుడు గుజరాత్ వేరావల్‌లో బోటు మీదున్నాడు. నెలనెలా డబ్బులంపుతాడు, రోజూ ఫోన్ సేత్తాడు. ఇది పుట్టింటికెల్లి ఒక్క కబురైనా పెట్టినాదా?"

కొత్తిమీర కట్ట దగ్గర రూపాయి వదలని వదిన, యాప్‌కి రూపాయి ఇస్తుందా? ప్రకటనలు చూసి ఉచితంగా ఎపిసోడ్ తాళం తీయించుకుంటుంది. వినగా వినగా ఆ వ్యాపారం కిటుకు కూడా పట్టేసింది. పొద్దున్నే చుట్టూ చేరినవాళ్ళకి రాత్రి కథ చెబుతుంది. సరిగ్గా తలుపు చప్పుడైన చోట ఆపుతుంది.

"తలుపు తీసిందెవులొదినా?"

"ముందు ఈ చేటడు వలండి, సెప్తాను."

ఆ వీధిలో రిటైరైన తెలుగు మాస్టారొకరికి ఇదంతా గిట్టదు. చలం 'పురూరవ' నాటకంలో ఊర్వశిగా శారదా శ్రీనివాసన్ గొంతు రేడియోలో విన్న చెవులాయనవి. మరి అదీ దేవకన్యా మనిషీ కథే కదా అంటే ఒప్పుకోరు. అది సాహిత్యం, ఇది సొల్లు.

"ఆ ఊర్వశి ఆకర్ని ఉన్నాదా, ఎల్లిపోనాదా మాస్టారూ?"

"వెళ్ళిపోయిందమ్మా."

"మరెందుకండీ అంత సాహిత్యం!"

ఆయన పట్టు విడవక పెద్దన మనుచరిత్ర ఎత్తుకున్నారు. హిమాలయాల్లో దారి తప్పిన ప్రవరుడు, ఎదురుగా అప్సరస వరూధిని, అంత అందగత్తెని పట్టుకుని మా ఊరికి దారెటు అని అడిగాడట. వదిన మొదటిసారి ఇయర్‌ఫోన్ తీసింది.

"బుద్ధిమంతుడండీ. ఇంటికి దారడిగిన మొగోణ్ణి ఇప్పుడే ఇంటన్నాను."

1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి' చూసినప్పుడూ ఇదే తీరు. అందులో దేవకన్య ఇంద్రజ ఇక్కడ ఉండిపోయింది ప్రేమ వల్ల కాదు, ఉంగరం పారేసుకోవడం వల్ల అని ఆవిడ ఖాయమైన అభిప్రాయం. సామాను జాగ్రత్త లేని పిల్లకి సంసారం అప్పగిస్తారా?

నిన్న సాయంత్రం మాస్టారు అటుగా వెళ్తూ ఆగారు. చేతికర్ర గోడకి ఆనించి, చుట్టూ ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించారు.

"ఇంతకీ ఆ తలుపు తీసిందెవరమ్మా?"

వదిన తలెత్తకుండా చేట ఆయన ముందుకి జరిపింది.